నాలుగు మార్కుల ప్రచ్ఛన్న యుద్ధం

నేను పదవీ విరమణ చేయడానికి ముందు సంవత్సరం, ఏప్రిల్ నెలలో, పదో తరగతి పరీక్ష పేపర్లు దిద్దే క్యాంపులో సాంఘికశాస్త్రానికి చీఫ్ ఎగ్జామినర్‌గా నన్ను వేశారు. క్యాంపు చిత్తూరులో, ఒక పాత ఉన్నత పాఠశాలలో. అప్పటికే జిల్లా విడిపోయి తిరుపతి వేరే జిల్లా అయింది. మా పిల్లల పేపర్లు ఎక్కడికో పోయాయి, ఎక్కడివో పేపర్లు మా దగ్గరికి వచ్చాయి. ఎవరి పిల్లలకు వాళ్ళే మార్కులు వేసుకోకుండా ప్రభుత్వం చేసుకున్న ఏర్పాటు అది. మా మీద ప్రభుత్వానికి ఉన్న నమ్మకం అంత.

ఈ పనిని మా వృత్తిలో 'స్పాట్' అంటాం. కొత్తవాళ్ళు వింటే ఏదో ప్రమాదం జరిగిన చోటు అనుకుంటారు. అదీ పెద్ద తప్పేమీ కాదు. ఒక గదిలో ఒక చీఫ్, ఆయన కింద కొందరు అసిస్టెంట్ ఎగ్జామినర్లు ఉంటారు. అసిస్టెంట్లు ఎర్ర సిరాతో దిద్దుతారు. చీఫ్ వాటిలో కొన్నింటిని తీసి పచ్చ సిరాతో సరిచూస్తాడు. మొత్తాలు కూడడానికి, దిద్దకుండా వదిలేసిన పేజీలు వెతకడానికి స్పెషల్ అసిస్టెంట్లు ఉంటారు. అందరి పైన డిప్యూటీ క్యాంపు ఆఫీసర్. ఆయన ఒక గెజిటెడ్ హెడ్మాస్టరు. పేపరు మీద పిల్లల పేరు ఉండదు, ఊరు ఉండదు, ఒక కోడ్ ఉంటుంది. ప్రతి ప్రశ్నకూ ఏ జవాబుకు ఎన్ని మార్కులో చెప్పే 'కీ' ఒకటి పైనుంచి వస్తుంది. దాన్ని తయారుచేసినవాళ్ళను మేము ఎప్పుడూ చూడలేదు, వాళ్ళు మమ్మల్ని చూడలేదు. ఈ ఏర్పాటు వల్ల ఉభయులూ క్షేమంగా ఉన్నాం.

ఆ సంవత్సరం ప్రశ్నపత్రంలో ఒక కార్టూన్ వచ్చింది. ఇద్దరు లావాటి మనుషులు భూగోళానికి తాడు కట్టి చెరోవైపు లాగుతుంటారు. ఒకడి టోపీ మీద నక్షత్రాలు, ఇంకొకడి టోపీ మీద కొడవలి. మధ్యలో ఒక బక్కపలచటి మనిషి ఆ గోళం మీద జారిపోతూ కూర్చుని ఉంటాడు. ప్రింటింగులో ఏం జరిగిందో గానీ, కొడవలి కాస్తా కొత్తిమీర కట్టలా పడింది. కింద ప్రశ్న: 'పై కార్టూన్‌ను పరిశీలించి వ్యాఖ్యానించండి.' నాలుగు మార్కులు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా, సోవియట్ యూనియన్ల మధ్య నడిచిన ఆ పోటీని మా పుస్తకాల్లో ప్రచ్ఛన్న యుద్ధం అంటారు. పిల్లలకు చెప్పడానికి దానంత చిరాకు పాఠం ఇంకొకటి లేదు. పానిపట్టు అయితే ఏనుగులుంటాయి. ఇందులో ఏముంది? ఇద్దరూ యుద్ధం చేయలేదు, అదే యుద్ధం. పిల్లలు నాటో, సీటో, సెంటో, వార్సా అని ఎక్కాలు చదివినట్టు చదివి, పరీక్ష హాల్లో ఒకదాని సభ్యులను ఇంకొకదానిలో చేర్పించి వస్తారు. నేను చాలా ఏళ్ళుగా ఈ పాఠాన్ని కార్టూన్లతోనే చెప్పేవాణ్ణి. పాత పత్రికల్లోంచి కత్తిరించి అట్టల మీద అంటించి పెట్టుకున్నాను. ఒక్కొక్కటి చూపించి, ఎవరిని పెద్దగా గీశారు, ఎవరిని చిన్నగా గీశారు, అది ఏ దేశం పత్రికలో వచ్చింది, అసలు బొమ్మలో కనపడకుండా పోయింది ఎవరు అని అడిగేవాణ్ణి. చివరి ప్రశ్న దగ్గరే పిల్లలు లేచి కూర్చునేవాళ్ళు. అమెరికా పత్రికలో రష్యా ఎలుగుబంటి. రష్యా పత్రికలో అమెరికా డబ్బు సంచి మోసే ముసలోడు. బాంబులు పడ్డ ఊళ్ళవాళ్ళు రెండింట్లోనూ ఉండరు. ఉపాధ్యాయుల శిక్షణ తరగతుల్లో కూడా నేను ఇదే చెప్పేవాణ్ణి. వినేవాళ్ళలో సగం మంది భోజనం కూపన్ల కోసం చూస్తుండేవాళ్ళు. మిగతా సగం మంది కూపన్లు అప్పటికే తీసుకున్నవాళ్ళు.

ఇక క్యాంపు రాజకీయం కొంచెం చెప్పాలి. మా ఉపాధ్యాయులకు రెండు సంఘాలు. ఒకప్పుడు అవి ఒకే సంఘం. ఇద్దరు నాయకులూ భుజం భుజం కలిపి ఒక కఠినాత్ముడైన అధికారి మీద పోరాడి, ఆయన్ను బదిలీ చేయించారు. ఆ గెలుపు ఎవరిదన్న దగ్గర తేడా వచ్చి సంఘం రెండయింది. అప్పటినుంచి జిల్లాలో ప్రతి పాఠశాల స్టాఫ్ రూమూ ఎవరో ఒకరి ప్రాబల్య ప్రాంతం. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు ఏ సంఘం పంచే కొత్త సంవత్సరం డైరీ ముందు అందుకుంటే ఆ శిబిరంలో ఉన్నట్టు. పుస్తకంలో ఉన్న పాఠం మా బడుల్లోనే జరుగుతున్నా మేము గుర్తుపట్టకుండా ముప్పై ఏళ్ళు బోధించగలిగాం. అది కూడా ఒక నైపుణ్యమే.

ఒక సంఘం నాయకుడు చెంగల్రాయులు. మంచి మీసకట్టు, గంభీరమైన గొంతు. రెండో సంఘం నాయకుడు దామోదరం. సన్నటి మనిషి, చేతిలో ఎప్పుడూ ఒక ఫైలు. ఇద్దరూ సాంఘికశాస్త్రం ఉపాధ్యాయులే. ఇద్దరూ ఆ ఏడు మా క్యాంపులోనే ఉన్నారు, పక్కపక్క గదుల్లో చీఫ్‌లుగా. కారిడార్‌లో ఒకరు వస్తుంటే ఇంకొకరు నోటీసు బోర్డు చదివేవారు. ఆ బోర్డు మీద కిందటేడు నోటీసులే ఉండేవి.

క్యాంపు సగం నడిచాక, ఒకరోజు ఉదయం నా గదిలోని ఎస్తేరు రాణి ఒక కట్ట తీసుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆవిడ నగరి దగ్గర ఒక జిల్లా పరిషత్ పాఠశాలలో టీచరు. పేపర్లు వేగంగా దిద్దుతుంది, ఎక్కువ మాట్లాడదు. ఆవిడ ముఖం చూస్తే నవ్వు ఆపుకుంటున్నదో, ఏడుపు ఆపుకుంటున్నదో నాకు అర్థం కాలేదు.

"సార్, ఈ పిలకాయలు జవాబు రాయలేదు. బొమ్మలేసినారు" అంది.

చూశాను. కార్టూన్ ప్రశ్నకు ఆ కట్టలో చాలామంది కార్టూనే జవాబుగా గీశారు. కింద మూడు నాలుగు వాక్యాలు రాశారు. వాళ్ళ సారెవరో గానీ, నాలాంటి పిచ్చివాడే అయి ఉంటాడు. తరగతిలో కార్టూన్ చూపించి, 'దీనికి మీరొక కార్టూన్‌తో జవాబు చెప్పండి' అని అలవాటు చేసి ఉంటాడు. పిల్లలు పరీక్షలోనూ అదే పద్ధతి అనుకున్నారు. పేపర్ల మీద ఊరు లేకపోయినా ఊరు తెలిసిపోతోంది. ఒక బొమ్మలో రాకెట్టు పోతుంటే ఇంటి మీద రేకులు ఎగిరి పడుతున్నాయి. ఇంకొకదానిలో ఉప్పునీటి మడుగు, పడవలు. రాకెట్ కేంద్రానికి దగ్గర్లోని తడ పక్కవాళ్ళు అయి ఉంటారని నేను అనుకున్నాను.

ఒకడు రెండు బస్సులు గీశాడు. ఒకటి మన బస్సు, ఇంకొకటి తమిళనాడు బస్సు. టోపీలు పెట్టుకున్న ఇద్దరు కండక్టర్లు ఒక ముసలమ్మ గంపను చెరోవైపు లాగుతున్నారు. గంప మీద 'కొరియా' అని రాసి ఉంది. ముసలమ్మ, 'నేను ఈడనే దిగాల్సిన దాన్ని నాయనా' అంటోంది. ఇంకొకడు రెండు పుంజులను గీశాడు. రెండూ ఈకలు విప్పుకుని ఎంతసేపటికీ తన్నుకోవు. చుట్టూ పందెం కాసినవాళ్ళు మాత్రం తలలు పగలగొట్టుకుంటున్నారు. మరొకడు రెండు మేళాలు గీశాడు. పోటీపడి వాయిస్తుంటే వినేవాళ్ళ చెవుల్లోంచి రక్తం కారుతోంది. దాని కింద, 'గంగజాతరలో వేషం కట్టినోడు తిడితే ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. కార్టూను కూడా అంతే' అని రాశాడు. కార్టూన్ గురించి అంతకంటే మంచి నిర్వచనం నేను శిక్షణ తరగతుల్లో ఒక్కసారి కూడా ఇవ్వలేకపోయాను.

"కీలో ఉండే పాయింట్లన్నీ ఉండాయి సార్. నేరుగా యుద్ధం లేదు, చిన్న దేశాలు నలిగినాయి, ఆయుధాల పోటీ. అన్నీ బొమ్మలోనే ఉండాయి. ఎట్ల దిద్దేది?" అని ఎస్తేరు రాణి అడిగింది.

దిద్దు అన్నాను. కానీ అప్పటికే ఆ కట్టను మొత్తాలు చూసే స్పెషల్ అసిస్టెంటు చూశాడు. అతను పోయి డిప్యూటీ క్యాంపు ఆఫీసర్ మునిరత్నం గారికి చెప్పాడు. పది నిమిషాల్లో ఆయన వచ్చేశారు.

మునిరత్నం గారు చెడ్డమనిషి కాదు. నిబంధనల పుస్తకం మీద భయభక్తులు ఉన్న మనిషి. రిటైర్మెంట్ దగ్గరపడ్డ గెజిటెడ్ హెడ్మాస్టరుకు పెన్షను కాగితాల కంటే పెద్ద దేవుడు లేడు. జవాబుపత్రం మీద గుర్తింపు చిహ్నం ఏదైనా ఉంటే, దిద్దేవాళ్ళకు ఏదైనా విన్నపం ఉంటే, అది మాల్‌ప్రాక్టీస్. దేవుడి బొమ్మ వేసినా, ఓం అని రాసినా, సిలువ గీసినా, 'సారూ నన్ను పాస్ చేయండి' అని రాసినా అంతే. ఆ పత్రాలను విడిగా సీలు చేసి, చీఫ్ ఎగ్జామినర్ సంతకంతో నివేదిక జతచేసి పైఆఫీసుకు పంపాలి. అక్కడ విచారణ జరుగుతుంది. రుజువైతే ఆ విద్యార్థి రాసిన అన్ని పరీక్షలూ రద్దవుతాయి.

"ఒక కట్టలో ఇంతమంది బొమ్మలేసినారంటే ఊరికే ఏసినారా సార్? ఇది సెంటర్ మొత్తం కూడబలుక్కోని చేసిన పని. నేను రిపోర్టు రాస్తా. మీరు సంతకం పెట్టండి" అన్నారు.

నేను నాకు తెలిసిన వాదం చేశాను. కాపీ కొడితే అందరి జవాబూ ఒకేలా ఉంటుంది, తప్పులు కూడా ఒకేలా ఉంటాయి. ఇక్కడ ఎవరి బొమ్మ వాళ్ళది. ఒకడు బస్సు, ఒకడు పుంజు, ఒకడు మేళం. ఇది కాపీ కాదు, చదువు. ఆయన అంతా శ్రద్ధగా విన్నారు. ఒకేలా ఉంటే కాపీ అనీ, వేరువేరుగా ఉంటే గుర్తింపు అనీ అన్నారు. ఆ లెక్కన పిల్లలు తప్పించుకునే దారి ఏదో నాకు కనపడలేదు. నాకు కోపం వచ్చింది. అయితే కోపంగా ఉన్న చీఫ్ ఎగ్జామినర్‌కు నిబంధనల్లో చోటు లేదు.

అప్పుడు ఎస్తేరు రాణి లేచి నిలబడింది. ఆవిడ గొంతు పెంచలేదు.

"సార్, ఆ పక్కంతా కంపెనీలే. పదో తరగతి పోయిన ఆడపిల్లను ఇంట్లో ఒక్క దినం కూడా ఉంచరు. తెల్లారితే కంపెనీ బస్సు ఊర్లోకే వస్తాది. ఎక్కినారంటే మళ్ళీ బడి మొహం సూడరు. మా బడిలో నేను సూస్తానే ఉండా. సప్లిమెంటరీ రాస్తారులే అని మనం ఈడ కూర్చోని అనుకుంటాం. బస్సు సప్లిమెంటరీ దాకా ఆగదు సార్."

మునిరత్నం గారు తల దించుకున్నారు. ఆయనకూ తెలుసు. "నాకు మాత్రం ఇష్టమా అమ్మా? రేపు పైనుంచి తనిఖీ వచ్చి ఎందుకు వదిలినావని అడిగితే ఎవరొస్తారు నాకు అడ్డం?" అన్నారు. సాయంత్రంలోగా తేల్చమని కట్టను నా బల్ల మీదే పెట్టి వెళ్ళిపోయారు. ఆయన పెట్టమన్న సంతకం నేను పెట్టకపోతే వేరే చీఫ్‌తో పెట్టించగలరు. ఆ పిల్లల సంవత్సరమంతా ఆ బల్ల మీద ఉంది, నాకు ఏం చేయాలో తోచలేదు. నిజం చెప్పాలంటే భయమేసింది.

పదకొండు గంటల టీ సమయానికి విషయం క్యాంపంతా పాకింది. దామోదరం టీ గ్లాసు పట్టుకుని, పిల్లలకు అన్యాయం జరిగితే తమ సంఘం ఊరుకోదని ప్రకటించాడు. అంతే, అవతలివైపు నుంచి చెంగల్రాయులు నిబంధనలంటే నిబంధనలేనని గర్జించాడు. ఇద్దరిలో ఎవరూ ఆ పేపర్లు చూడలేదు. చూడాల్సిన అవసరం వాళ్ళకు ఎప్పుడూ ఉండదు. అవతలివాడు ఏమన్నాడో తెలిస్తే చాలు, తమ సిద్ధాంతం తయారవుతుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇంకో చోద్యం జరిగింది. క్యాంపుల్లో మరీ కఠినంగా ఉంటున్నారని చెంగల్రాయులు సంఘం కిందటి నెలలోనే ఒక తీర్మానం చేసిందట. ఆ సంగతి ఆయన అనుచరుడు చెవిలో వేశాడు. దాంతో చెంగల్రాయులు పిల్లల పక్షానికి వచ్చాడు. ఆ వార్త ఇవతలి బల్లకు చేరేలోపే దామోదరం క్రమశిక్షణ పక్షానికి వెళ్ళిపోయాడు. పెరుగన్నం తినేలోపు రెండు శిబిరాలూ స్థానాలు మార్చుకున్నాయి. ఇరుపక్షాల సభ్యులూ పొద్దున ఒక మాట, మధ్యాహ్నం ఇంకొక మాట అంతే ఆవేశంతో అన్నారు. నేను మజ్జిగ తాగుతూ కూర్చున్నాను. ఇంత స్పష్టమైన పాఠం కళ్ళముందు జరుగుతుంటే రాసుకోవడానికి నా దగ్గర అట్ట ముక్క లేదే అని బాధ కలిగింది.

మూడు గంటలకు మునిరత్నం గారు నివేదిక రాసుకుని వచ్చారు. తర్వాత ఎవరూ తన మీద పడకుండా, సాక్షులుగా ఇద్దరు నాయకులనూ పిలిపించారు. జాగ్రత్త గల మనిషి. వాళ్ళిద్దరూ నా గదిలోకి వేరువేరు తలుపుల గుండా వచ్చారు. బొమ్మలున్న పేపర్లను బల్ల మీద వరుసగా పరచమని ఆయన చెప్పారు. ఎస్తేరు రాణి పరిచింది. ఆ కట్టలోదే ఒక పేపరును ఆవిడ పొద్దుటి నుంచి నాకు చూపించకుండా తన దగ్గరే ఉంచుకుంది. ఇప్పుడు దాన్ని తీసి, సరిగ్గా ఇద్దరు నాయకుల ముందూ పడేలా పెట్టింది. దాని మీద ఒక్క చూపు పడగానే ఆవిడ ఏం చేస్తున్నదో నాకు అర్థమైంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఆ బొమ్మలో ఒక స్టాఫ్ రూము ఉంది. ఇద్దరు సార్లు ఒకరికొకరు వీపులు చూపించి కూర్చున్నారు. ఒకాయన తల మీద నక్షత్రాల టోపీ, ఇంకొకాయన తల మీద కొడవలి టోపీ. ఒకాయనకు మీసం. ఇంకొకాయన చేతిలో ఫైలు. ఇద్దరి బల్లల మీదా వేరువేరు టీ ఫ్లాస్కులు. మధ్యలో నిలబడి అటెండరు ఒక చేత్తో ఈ ఫ్లాస్కు టీ, ఇంకో చేత్తో ఆ ఫ్లాస్కు టీ తాగుతున్నాడు. అతని కింద 'అలీన దేశం' అని రాసి ఉంది. ఇద్దరు సార్ల మధ్య చీటీలు పట్టుకుని పిల్లలు పరిగెత్తుతున్నారు. కొందరు కిందపడ్డారు. వాళ్ళలో రెండు జడల పిల్ల ఒకతె ఉంది. ఆ పిల్ల మీదికి ఒక బాణం గుర్తు గీసి 'నేను' అని రాసింది. కింద వాక్యాలు ఇవి: 'అగ్రరాజ్యాలు కొట్టుకోవు. మాట్లాడుకోవు. ఈ సారు దగ్గరికి పోతే ఆ సారు కొడతాడు. ఆ సారు దగ్గరికి పోతే ఈ సారు కొడతాడు. యుద్ధం వాళ్ళది, దెబ్బలు మావి. దీన్నే ప్రచ్ఛన్న యుద్ధం అంటారు.'

ఇద్దరు నాయకులూ బొమ్మ మీదికి వంగారు. మునిరత్నం గారు మాత్రం 'నేను' అన్న మాట మీద వేలు పెట్టి, "ఇదో, గుర్తింపు. ఇంతకంటే ఏం కావాల?" అన్నారు. రెండు జడలున్న పిల్ల రాష్ట్రంలో ఎవరో కనుక్కోవడానికి ఎన్నాళ్ళు పడుతుందని నేను అడిగాను. ఆయన వేలు తీయలేదు.

చెంగల్రాయులు మీసం మీదికి చెయ్యి పోనిచ్చి, మధ్యలోనే ఆపేశాడు. దామోదరం చేతిలోని ఫైలును మెల్లగా బల్ల కింద పెట్టాడు. ఈ పేపరు వేరే జిల్లాది, ఆ పిల్ల వీళ్ళ మొహాలు జన్మలో చూసి ఉండదు. మీసమున్న సార్లూ, ఫైలున్న సార్లూ ప్రతి బడిలోనూ ఉంటారు. ఆ సంగతి వాళ్ళకూ తెలుసు. అయినా ఇద్దరికీ ముచ్చెమటలు పోశాయి.

"ఎవరిని గీసినట్టు ఇది?" అన్నాడు చెంగల్రాయులు. ఎవరినీ ఉద్దేశించి అడగలేదు.

"ఎవరినైనా గీసుండొచ్చు లేప్పా" అన్నాడు దామోదరం. ఆ 'అప్పా' అన్న దగ్గరితనపు పిలుపు వాళ్ళిద్దరి మధ్య వినిపించి చాలా ఏళ్ళయింది.

నేను అప్పుడు నా వంతు పని చేశాను. ఎలాంటి గొప్ప ఉపన్యాసమూ ఇవ్వలేదు. పద్ధతి మాత్రమే వివరించాను. నివేదికతో పాటు అసలు పేపర్లు పైఆఫీసుకు వెళతాయి. అక్కడ ఒక కమిటీ కూర్చుని ఒక్కొక్క బొమ్మనూ చూస్తుంది. పిల్లలను పిలిచి, ఏమ్మా, ఈ సార్లు ఎవరు, ఏ సంఘం, ఈ చీటీల్లో ఏముండేది అని అడుగుతుంది. పిల్లలు అబద్ధం చెప్పే రకంలా లేరు. విచారణ అన్నాక బయటికి పొక్కకుండా ఉండదు. పత్రికలవాళ్ళ చేతికి ఈ బొమ్మ దొరికితే మొదటి పేజీలో వేస్తారు, అది చూసి ప్రతి ఊళ్ళోనూ తమ సార్లను పోల్చుకుంటారు. ఇంతే చెప్పాను.

చెంగల్రాయులు గొంతు సవరించుకున్నాడు. "ప్రశ్నలో వ్యాఖ్యానించండి అన్నారు గానీ, అక్షరాల్లోనే వ్యాఖ్యానించండి అన్లేదు గదా సార్" అన్నాడు.

"అది కరెక్టే. బొమ్మ కూడా జవాబులో భాగమే. మునిరత్నం సార్, మీరు ఊరికే బయపడతా ఉండారు" అన్నాడు దామోదరం.

పొద్దుటి నుంచి పక్షాలు మార్చుకుంటూ వచ్చిన మనుషులు మొదటిసారి ఒకే పక్షాన నిలబడ్డారు. మునిరత్నం గారు కూడా తక్కువవారు కాదు. నోటిమాట వద్దు, రాసిమ్మన్నారు. కార్టూన్ ప్రశ్నకు గీసిన బొమ్మలు జవాబులో అంతర్భాగమనీ, గుర్తింపు చిహ్నాలు కావనీ, వాటిని కీ ప్రకారం దిద్దవచ్చనీ ఒక కాగితం రాయించారు. దాని మీద ముగ్గురు చీఫ్‌లం సంతకాలు పెట్టాం. ఎవరి సంతకం పైన ఉండాలన్న దగ్గర కొంచెం ఆలస్యమైంది. చివరికి ఇద్దరూ ఒకే వరుసలో, చెరో చివర పెట్టారు. మధ్యలో నన్ను పెట్టమన్నారు. మునిరత్నం గారు తాను రాసుకొచ్చిన నివేదికను నాలుగుగా మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన ముఖంలో కనపడ్డ నిశ్చింత చూస్తే, ఆయనకు కూడా ఆ నివేదిక పంపడం ఇష్టం లేదని తెలిసింది.

ఇక ఆ స్టాఫ్ రూము బొమ్మకు ఎన్ని మార్కులు వేయాలి? నాలుగుకు నాలుగూ వేయాలని చెంగల్రాయులు అన్నాడు. ఆ మాట విన్నాక దామోదరానికి మూడున్నర చాలనిపించింది. ఇద్దరూ ఉపోద్ఘాతం లేకపోవడం గురించి వాదించుకుంటూ కారిడార్‌లోకి వెళ్ళారు. అక్కడ మళ్ళీ నోటీసు బోర్డు చదువుకున్నారు. ఎస్తేరు రాణి వాళ్ళ తీర్పు కోసం ఆగలేదు. ఎర్ర సిరాతో నాలుగు వేసింది. నేను పచ్చ సిరాతో సరిచూశాను. ఆ పేపరు మొత్తం కూడితే ఆ పిల్ల ఒడ్డున పడింది, పెద్ద తేడాతో ఏమీ కాదు.

సాయంత్రం బస్టాండుకు నడుస్తూ నేను ఆవిడను అడిగాను, ఆ పేపరు పొద్దున్నే నాకెందుకు చూపించలేదని.

"మీరు సూసుంటే ఆ పాపను కాపాడాలని దాన్ని కట్ట అడుగున పెట్టేసుందురు సార్. మీరు మంచోళ్ళు" అంది. అందులో పొగడ్త ఎంతో, తిట్టు ఎంతో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆవిడ అన్నది మాత్రం నిజం. నేను చూసి ఉంటే ఖచ్చితంగా దాచేసేవాణ్ణి. మిగతావి ఎలాగైనా గట్టెక్కుతాయి, ఇది మాత్రం ఎవరి కంటా పడకూడదు అనుకునేవాణ్ణి.

ఆ సంఘటన నుంచి నేను నేర్చుకున్నది చెప్పి ముగిస్తాను. ఆ పిల్లలను నా వాదం కాపాడలేదు. అది ఉదయమే ఓడిపోయింది. నిబంధనలు కాపాడలేదు, సంఘాల న్యాయదృష్టి అంతకంటే కాపాడలేదు. ఇద్దరు పెద్దమనుషులకు ఒకే నిమిషంలో పుట్టిన ఒకే భయం కాపాడింది. అగ్రరాజ్యాల మధ్య కుదిరిన ఆయుధ ఒప్పందాల గురించి చెప్పేటప్పుడు, వాటికి కారణం శాంతి కాంక్ష అని అంతవరకు నేను బోర్డు మీద రాయించేవాణ్ణి. చివరి సంవత్సరం ఆ మాట కొట్టేసి, 'ఉభయుల భయం' అని రాయించాను. మరో సంగతి కూడా ఉంది. బస్సులు, పుంజులు, మేళాలు గీసిన పిల్లలు ఎవరి మనసూ నొప్పించకుండా మర్యాదగా గీశారు. వాళ్ళ సంవత్సరాన్ని రద్దు చేయడానికి మేమంతా సంతకాలు పెట్టబోయాం. తన సార్లను ఏకంగా వెక్కిరించిన పిల్ల ఒక్కతే వాళ్ళందరినీ గట్టెక్కించింది. మర్యాదగా ఉన్న కార్టూన్ గోడకు అంటించుకోవడానికి బాగుంటుంది, పని మాత్రం చేయదు.